ఒక బెడ్, ఒక రిజిస్టరు: విజయనగరంలో చిన్న స్కిన్ కేర్ స్పా నడపడం ఎలా

పార్లర్ కోర్సు పూర్తి చేసి, చేతిలో కొంచెం డబ్బు పెట్టుకుని, "ఇప్పుడేం చెయ్యాలక్కా?" అని అడగడానికి నా దగ్గరకు అమ్మాయిలు వస్తుంటారు. విజయనగరం వాళ్ళే కాదు, నెల్లిమర్ల, చీపురుపల్లి, గజపతినగరం, అటు రాజాం నుంచి కూడా వస్తారు. దాదాపు అందరి మొదటి ప్రశ్న ఒకటే. ఏ మెషీన్ కొనాలి? మెషీన్ సంగతి ఆఖర్న చూద్దాం, ముందు రెండు వందల పేజీల రిజిస్టరు ఒకటి కొనుక్కోండి అని చెప్తాను. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను. మీరు శ్రీకాకుళంలో పెట్టుకున్నా ఇందులో మారేది వీధి పేర్లే.

ముందు గది, పేరు

గంటస్తంభం దగ్గరో, మూడు లాంతర్ల దగ్గరో మెయిన్ రోడ్డు మీద షాపు కావాలని చాలామంది ఆశపడతారు. నా మాట వినండి, మనకు అది అక్కర్లేదు. చీరకో బంగారానికో వచ్చిన మనిషి దారిలో బోర్డు చూసి లోపలికొచ్చి గంటసేపు ఫేషియల్ చేయించుకోదు. మన దగ్గరకు వచ్చేది పక్కింటావిడ చెబితే వస్తుంది. అందుకని బాలాజీనగర్, కంటోన్మెంట్, కొత్తపేట లాంటి చోట్ల లోపలి వీధిలో గ్రౌండ్ ఫ్లోర్ గది చాలు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఆటోకి సులువుగా ఉంటే పల్లెల నుంచి బస్సు దిగి వచ్చేవాళ్ళకు ఇబ్బంది ఉండదు.

గది చూడ్డానికి వెళ్ళినప్పుడు గోడల రంగు చూడకండి. కుళాయి తిప్పి, చేతికి సబ్బు రుద్ది చూడండి. నురగ రాకపోతే ఆ బోరు నీళ్ళతో ప్యాక్ కడిగితే మొహం బిగుసుకుపోతుంది, టవల్స్ గట్టిపడతాయి. మిగతావన్నీ నచ్చి ఆ ఇల్లే తీసుకుంటే మొహం కడగడానికి మంచినీళ్ళు విడిగా పెట్టుకోవాలి. బాత్‌రూమ్ గదిలోనే ఉండాలి. కిటికీ కానీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ కానీ లేని గది వద్దు. బ్లీచ్‌లో అమ్మోనియా ఉంటుంది, మూసిన ఏసీ గదిలో రోజూ అదే పీలిస్తే ముందు దగ్గు పట్టుకునేది మీకే. కరెంటు మీటరు ఇంటి కేటగిరీలో ఉంటే ఈపీడీసీఎల్‌కి దరఖాస్తు పెట్టి కమర్షియల్‌కి మార్పించండి. యూనిట్ రేటు ఎక్కువే, కానీ తనిఖీలో దొరికితే కట్టాల్సింది ఇంకా ఎక్కువ. ఏసీ, గీజర్, స్టీమర్, వ్యాక్స్ హీటర్ ఒకేసారి ఆన్ చేస్తే వైరింగ్ తట్టుకుంటుందో లేదో ఎలక్ట్రీషియన్‌కి చూపించాకే అడ్వాన్స్ ఇవ్వండి.

ఇక పేరు. 'స్పా' అనే మాటకు మన ఊళ్ళలో అనుమానం అంటుకుని ఉంది. పేపర్లో వచ్చే పోలీసు దాడుల వార్తలే దానికి కారణం. నేను గది వెతికిన రోజుల్లో ఒక ఇంటాయన ఆ మాట వినగానే తలుపు వేసేశారు. ఆయన మీద నాకు కోపం లేదు, ఇంట్లో ఆడపిల్లలున్నారు, భయపడ్డారు. ఆ రోజు నుంచి నేను మూడు పనులు చేస్తున్నాను. బోర్డు మీద 'స్త్రీలకు మాత్రమే' అని పేరంత పెద్ద అక్షరాలతో రాయించాను. వీధి వైపు తలుపు అద్దంది పెట్టి, రిసెప్షన్ బయటికి కనపడేలా ఉంచాను. అద్దె అగ్రిమెంటులో ఏ పని చేస్తానో రాయించాను. మీరు కూడా ఇంటివాళ్ళ ఆడవాళ్ళని ఒకసారి లోపలికి పిలిచి, బెడ్ చూపించి, టీ ఇచ్చి పంపండి. ఆ ఇంటావిడే మీకు మొదటి కస్టమరు అవుతుంది.

కాగితాలు

ఇది భయపడేంత పని కాదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్లో ఉచితంగా అవుతుంది, దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. కార్పొరేషన్ నుంచి ట్రేడ్ లైసెన్స్, లేబర్ డిపార్ట్‌మెంట్‌లో షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్ తీసుకోండి. సర్వీసుల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఒక బెడ్‌తో మొదలుపెట్టినప్పుడు దాని గురించి టెన్షన్ వద్దు. దాటే రోజు వస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి మన సర్వీసుల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అయితే మనం కొన్న సామాను మీద కట్టిన పన్ను వెనక్కి రాదు.

అప్పు కావాలంటే ముద్రలో శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా ఇస్తారు. కేంద్రం స్వయం ఉపాధి పథకం పీఎంఈజీపీలో సబ్సిడీ ఉంటుంది. ఆడవాళ్ళకు టౌన్‌లో ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం, పల్లెలో 35 శాతం. మన చేతి నుంచి 5 శాతం పెట్టాలి. డ్వాక్రా గ్రూపులో ఉంటే ముందు అక్కడే అడగండి, వడ్డీ తేలిక. ఏ అప్పు తీసుకున్నా దాంతో మెషీన్ కొనకండి. బెడ్, స్టూల్, భూతద్దం ల్యాంపు, స్టీమర్, వ్యాక్స్ హీటర్, టవల్స్, ఇన్వర్టర్ చాలు. మిగిలింది ఆరు నెలల అద్దె కోసం బ్యాంకులో ఉంచండి. పెట్టిన ఏడాదిలోపే మూసేసిన పార్లర్లలో నేను దగ్గర్నుంచి చూసినవాటికి పనితనం తక్కువై కాదు, అద్దెకి దాచుకున్న డబ్బు లేకే తాళం పడింది.

రిజిస్టరు: మొహం ముట్టుకునే ముందు

ఈ వ్యాపారంలో అన్నిటికంటే విలువైన పావుగంట ఇదే. మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆమె పేరుతో ఒక పేజీ తీయండి. మొదటి ప్రశ్న: "ఇప్పుడు మొహానికి ఏం రాస్తున్నారమ్మా?" "ఏం రాయట్లేదు" అంటారు. నమ్మకండి. "ట్యూబు ఏదైనా? మెడికల్ షాపులో ఇచ్చిందేమైనా?" అని మళ్ళీ అడగండి. అప్పుడు బ్యాగులోంచి ట్యూబు బయటికొస్తుంది.

దాని మీద బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని ఏది ఉన్నా అది స్టెరాయిడ్. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్ మూడూ కలిపిన క్రీములూ ఉంటాయి. అవి మంగు మచ్చలకి డాక్టరు లెక్కగా కొన్ని వారాలు రాసే మందులు. మన దగ్గర వాటిని తెల్లబడే క్రీముల్లా ఏళ్ళ తరబడి రాసేస్తున్నారు. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో పెట్టింది. అయినా పక్కింటమ్మాయి వాడింది చూసి కొనుక్కునేవాళ్ళు ఆగలేదు. అలాంటి మొహాన్ని ల్యాంపు కింద చూస్తే తెలిసిపోతుంది. చర్మం పల్చబడి బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు కనపడతాయి, చిన్న చిన్న మొటిమలుంటాయి, నూగు పెరుగుతుంది, ఎండలోకి వెళ్తే మంట. ఆ మొహానికి బ్లీచ్ వద్దు, స్క్రబ్ వద్దు, స్టీమ్ వద్దు, మసాజ్ వద్దు. "ఈ రోజే మానెయ్యండి" అని కూడా మీరు చెప్పకూడదు. ఒక్కసారిగా ఆపితే మొహం ఎర్రగా పొంగి, ఆ తప్పు మీ మీద పడుతుంది. స్కిన్ డాక్టరు దగ్గరకు పంపండి, ఆయన మెల్లగా మాన్పిస్తారు.

నేను మొదటి సంవత్సరం ఈ ప్రశ్న అడక్కుండా ఒక అమ్మాయికి ఫ్రూట్ ఫేషియల్ చేశాను. సాయంత్రానికి ఆమె మొహం కాలినట్టయింది. వాళ్ళమ్మ మా గుమ్మంలో నిలబడి నన్ను ఏమీ అనలేదు. "పెళ్ళిచూపులున్నాయమ్మా రేపు" అంది, అంతే. ఆ మాట నాకు ఇవాళ్టికీ చెవుల్లో ఉంది. రిజిస్టరు ఆ మర్నాడే కొన్నాను.

రెండోది, లేబుల్ లేని క్రీము. చిన్న డబ్బా, మీద విదేశీ అక్షరాలు, 'వారంలో తెల్లదనం' అనే మాట. ఇలాంటివాటిలో పాదరసం ఉండొచ్చు. మన దేశంలో ఇలాంటి క్రీముల్లో పాదరసం కలపడం నిషేధం. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో ఇలాంటి తెల్లబడే క్రీములు వాడినవాళ్ళకు కిడ్నీ జబ్బు వచ్చిందని అక్కడి డాక్టర్లు బయటపెట్టారు. ఉద్దానం బాధ పక్కనే చూస్తున్నవాళ్ళం మనం, కిడ్నీ పోతే ఒక ఇల్లు ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఏ క్రీమైనా తయారీదారు పేరు, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, లోపలి పదార్థాల జాబితా లేకపోతే మీ షెల్ఫ్ మీద పెట్టకండి. ఎంత కమీషన్ వచ్చినా సరే.

ఆ తర్వాత చర్మాన్ని చూస్తూ అడగాల్సినవి. మెడ చుట్టూ, చంకల్లో వెల్వెట్‌లా నల్లబడితే అది మురికి కాదు, చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదని గుర్తు. "మెడ నలుపు పోగొట్టండి" అని వస్తారు, మీరు బ్లీచ్ వేసి డబ్బు తీసుకోవచ్చు, నెలలో మళ్ళీ అంతే. "ఒకసారి షుగర్ టెస్ట్ చేయించుకోండమ్మా" అని చెప్పిన మీ మాట ఆమెకు ఎక్కువ మేలు చేస్తుంది. గడ్డం మీద గట్టి వెంట్రుకలు, నెలసరి తప్పడం రెండూ ఉంటే గైనకాలజిస్టు దగ్గరకు పంపండి, థ్రెడింగ్ ఎలాగూ మన దగ్గరే చేయించుకుంటుంది. నుదుటి మీద బొట్టు పెట్టుకునే చోట సరిగ్గా బొట్టు బిళ్ళంత తెల్లమచ్చ కనపడితే అది స్టిక్కరు జిగురులోని రసాయనం వల్ల కావచ్చు. స్టిక్కరు మానిపించి డాక్టరుకి చూపించమనండి. దాన్ని మేకప్‌తో కప్పి పంపేస్తే అది పెద్దదవుతుంది.

మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్ళకు వ్యాక్సింగ్ చేయకండి, ఆపిన ఆరు నెలల దాకా కూడా వద్దు, స్ట్రిప్‌తో పాటు చర్మం ఊడొస్తుంది. రెటినాల్ క్రీము రాస్తుంటే మొహానికి వ్యాక్స్ చేసే ముందు వారం ఆపించండి. షుగర్ ఉన్నవాళ్ళకి పెడిక్యూర్‌లో బ్లేడు పెట్టి కాలు గీకకూడదు, వాళ్ళలో చాలామందికి పాదం తెగినా తెలియదు, పుండు తొందరగా మానదు. కడుపుతో ఉన్నవాళ్ళకి వేడి స్టీమ్, ఘాటైన సువాసన నూనెలు వద్దు, మెత్తటి ఫేషియల్ చాలు. ఇవన్నీ పేజీలో రాసి, ఏ రోజు ఏ ప్రొడక్టు వాడారో, ఆ తర్వాత ఎలా ఉందో కింద రాసుకుంటూ పోండి. ఆరు నెలలకి ఆ రిజిస్టరు మీ దగ్గరున్న ఏ మెషీన్ కంటే ఎక్కువ తెలివైనదవుతుంది.

చర్మంలోకి గుచ్చే సూదులు, లేజర్, తెల్లబడటానికి ఎక్కించే గ్లూటాథయోన్ ఇంజెక్షన్, పైపొర ఊడదీసే గట్టి పీల్స్ డాక్టర్ల పని. వైజాగ్‌లో ఎవరో పార్లర్లోనే చేస్తున్నారని కస్టమర్లు చెప్తారు. చెప్పనివ్వండి.

శుభ్రత

సముద్రం దగ్గర ఊళ్ళు మనవి, ఏడాదిలో ఎక్కువ రోజులు చెమటే. తడి ఆరని టవల్‌లో తామర తెచ్చే ఫంగస్ హాయిగా బతుకుతుంది. వానాకాలంలో ఒకరి మెడ నుంచి ఇంకొకరి మెడకి అది టవల్ మీదే ప్రయాణం చేస్తుంది. లెక్క చెప్తాను. మనిషికి మూడు టవల్స్, రోజుకి నలుగురు, అంటే పన్నెండు. వానల్లో పూర్తిగా ఆరడానికి రెండు రోజులు. కాబట్టి వాడకంలో పన్నెండు, ఆరుతున్నవి ఇరవై నాలుగు, మొత్తం ముప్ఫై ఆరు టవల్స్ ఉండాల్సిందే. పన్నెండు టవల్స్‌తో నెట్టుకొస్తానంటే ఎక్కడో ఒకచోట తడిది వాడుతున్నట్టే. పల్చటి టవల్స్ కొనండి, తొందరగా ఆరతాయి. వేడి నీళ్ళలో ఉతికి, వానల్లో ఇస్త్రీ కూడా చేయండి.

థ్రెడింగ్ దారం నోట్లో పెట్టుకునే అలవాటు మీకుంటే ఈ రోజే మానెయ్యండి. దారం ఒక కొస మెడకి వేసుకుని చేసే పద్ధతి వారం సాధన చేస్తే వస్తుంది. ఒకరికి వాడిన దారం ముక్క ఇంకొకరికి వాడకూడదు. దారం కోసిన గీతల వెంటే పులిపిర్లు బారుగా పుట్టడం నేను కళ్ళారా చూశాను. వ్యాక్స్‌లో స్పాచులా ఒక్కసారే ముంచాలి, చర్మానికి తగిలినది మళ్ళీ గిన్నెలోకి పోకూడదు. ఐస్‌క్రీమ్ పుల్లల కట్ట కొనుక్కుంటే చవకలో అయిపోతుంది. బ్లేడు కస్టమరు కళ్ళముందే కొత్తది విప్పండి, వాడినది గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయండి, చెత్త ఎత్తే అమ్మ చెయ్యి తెగకూడదు. హెపటైటిస్ బి, సి రక్తం ద్వారా వస్తాయి, కంటికి కనపడని రక్తపు మరక చాలు.

ఇనుప సామాను ముందు సబ్బుతో రుద్ది కడగాలి. మురికి మీద ఏ మందు పోసినా పనిచేయదు. ప్లకర్, కత్తెర లాంటివి కడిగి ఆరబెట్టాక 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. బ్లాక్‌హెడ్స్ తీసే సూది లాంటివి చర్మాన్ని చీలుస్తాయి, వాటికి ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే చిన్న ఆటోక్లేవ్ కావాలి. 121 డిగ్రీల ఆవిరి, 15 పౌండ్ల ఒత్తిడి, 15 నుంచి 20 నిమిషాలు. అది కొనే దాకా ఆ సూది పని చేయకండి. లోపల నీలం లైటు వెలిగే స్టెరిలైజర్ డబ్బా అమ్ముతారు చూడండి, లైటు పడని వైపు దానివల్ల ఏమీ కాదు. శుభ్రం చేసిన సామాను దాచుకోవడానికి మాత్రం బావుంటుంది.

ఏమేం పెట్టాలి

మెనూ కార్డు చిన్నగా ఉంచండి. క్లీనప్, రెండు రకాల ఫేషియల్స్, థ్రెడింగ్, వ్యాక్సింగ్, పెడిక్యూర్, తలకి నూనె మసాజ్, ఒంటికి నలుగు. ఇంతే. ఇరవై రకాల ఫేషియల్స్ పెడితే ఇరవై కిట్లు విప్పాలి, సగం ఎండాకాలంలో పాడైపోతాయి. ప్రతి డబ్బా మీద విప్పిన తేదీ స్కెచ్ పెన్‌తో రాయండి. విటమిన్ సి సీరం గోధుమ రంగులోకి తిరిగితే పారేయాల్సిందే.

మన చర్మం గోధుమ, చామనఛాయ. దీనికి ఒక గుణం ఉంది. ఎక్కడ మంట పుట్టినా, గాయమైనా, ఆ చోట నల్లమచ్చ మిగిలిపోతుంది. అందుకే మన దగ్గర ఘాటు పనికిరాదు. గట్టి స్క్రబ్, ఎక్కువసేపు బ్లీచ్, నిమ్మరసం రుద్ది ఎండలో పంపడం, ఇవన్నీ మచ్చలు తెచ్చే పనులు. స్టీమ్ మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు, మంగు ఉన్నవాళ్ళకు అదీ వద్దు, వేడికి మంగు పెరుగుతుంది. వాళ్ళకు ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ చెప్పండి, మంగుకి మామూలు సన్‌స్క్రీన్ కంటే అదే మేలు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే మొహానికి, మెడకి సరిపోతుందని చూపించండి. స్కూటీ మీద తిరిగే టీచర్లకు, బ్యాంకు ఉద్యోగులకు నేను సన్‌స్క్రీన్ ఎలా రాసుకోవాలో నేర్పినంత శ్రద్ధగా ఇంకేదీ నేర్పను.

నలుగుని చిన్నచూపు చూడకండి. పెసరపిండి, మినప్పిండి, కొంచెం బియ్యప్పిండి, కస్తూరి పసుపు చిటికెడు, నువ్వుల నూనె. మా అమ్మమ్మ దీపావళికి తెల్లవారుజామున పీట మీద కూర్చోబెట్టి పెట్టేది. ఆ వాసనకే కస్టమర్లు నిద్రపోతారు. ఏజెన్సీ పసుపు, తేనె, కుంకుళ్ళు, శీకాయ గిరిజన సహకార సంస్థ డిపోల్లో దొరుకుతాయి, నేను అక్కడే కొంటాను. పిండి మెత్తగా జల్లించాలి, గరుకుగా ఉంటే అది కూడా స్క్రబ్బే. 'నేచురల్' కదా అని పరీక్ష మానకండి, పసుపు పడని చర్మాలూ ఉన్నాయి. కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు రాసి రెండు రోజులు చూడండి. హెయిర్ డై, నల్ల గోరింటాకు కోన్‌లకి ఇది తప్పదు. వాటిలోని పీపీడీ అనే రంగు రసాయనం పడకపోతే కళ్ళు మూసుకుపోయేంత వాపు వస్తుంది.

ధర

పక్క పార్లర్ 500 తీసుకుంటోంది కాబట్టి నేను 450 తీసుకుంటాను అనేది ధర కాదు. కాగితం తీసి మీ అంకెలు వేసుకోండి. ఉదాహరణకు అద్దె 9,000, కరెంటు 3,000, హెల్పర్ జీతం 9,000, చిల్లర ఖర్చులు 3,000, మీ జీతం 15,000. మీ జీతం రాయడం మర్చిపోకండి, ఇంటి పని లెక్కలోకి రానట్టే ఇది కూడా రాకుండా పోతుంది. మొత్తం 39,000. నెలకు 26 రోజులు, రోజుకి ఆరు గంటలు బెడ్ పనికి అందుబాటులో ఉంటుంది, అంటే 156 గంటలు. కొత్తలో అందులో సగం నిండితే గొప్ప, 78 గంటలు. 39,000ని 78తో భాగిస్తే గంటకి 500 రూపాయలు.

ఇప్పుడు శుభ్రం చేసే సమయంతో కలిపి గంటా పావు పట్టే ఫేషియల్‌కి సమయం ఖరీదు 625, సామానుకి 120, టవల్స్ ఉతుకుడికి 30. మొత్తం 775. మీరు 500 తీసుకుంటే 275 మీ జీతంలోంచి పోతోంది. అదే బెడ్ 104 గంటలు నిండితే గంట ఖరీదు 375కి పడుతుంది, అదే ఫేషియల్ 619కి చేయగలరు. కాబట్టి ధర తగ్గించే ముందు ఖాళీ గంటలు నింపండి. మంగళవారం, శుక్రవారం చాలామంది రారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం వచ్చేవాళ్ళకే తగ్గింపు ఇవ్వండి, ఆదివారం ఒక్క రూపాయి తగ్గించకండి. చర్మం పైపొర కొత్తగా రావడానికి దాదాపు నెల పడుతుంది కాబట్టి ఫేషియల్ నెలకొకటి చాలు. పదిహేను రోజులకే రమ్మనకండి. నెల తిరిగేసరికి ఫోన్ చేయండి, అదీ రిజిస్టరు చూసే.

ఏడాదంతా ఒకేలా ఉండదు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, ఆ నెల సున్నం వేయించుకోవడానికి, రిపేర్లకి పెట్టుకోండి. శ్రావణంలో మళ్ళీ జనం. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం, ముందు రోజు తొలేళ్ళు. ఊరంతా చుట్టాలే. ఆ ముందు వారం థ్రెడింగ్‌కే కూర్చోవడానికి చోటుండదు, సిరిమాను రోజు మాత్రం తాళం వేసి అమ్మవారిని చూసుకోండి, రోడ్ల మీద ఆటో కూడా నడవదు. పెద్ద తుఫాన్లు కూడా చాలాసార్లు అక్టోబరులోనే వస్తాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ అప్పుడే వచ్చాయి. హెచ్చరిక రాగానే టవల్స్ ఆరబెట్టేసి, నీళ్ళు పట్టి, అపాయింట్‌మెంట్లు మీరే ముందుగా మార్చండి.

పెళ్ళికూతురు

"అక్కా, పెళ్ళి పదిరోజులే ఉంది, ఏటైనా గట్టిది ఎయ్యి" అని వస్తారు. గట్టిది వేయకండి. మూడు నెలల ముందు వస్తే మొటిమలకి, మచ్చలకి ఏదైనా చేయగలం. నెల ముందు వస్తే నెమ్మదైన ఫేషియల్, సన్‌స్క్రీన్. రెండు వారాల ముందు మేకప్ ట్రయల్ చేసి, పడుతుందో లేదో చూసుకోవాలి. ఆఖరి వారం కొత్తది ఏదీ వద్దు. వ్యాక్సింగ్, థ్రెడింగ్ రెండు మూడు రోజుల ముందే అయిపోవాలి. మన ఇళ్ళలో పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు పసుపు, నలుగు ఒళ్ళంతా రాస్తారు, అప్పుడే బ్లీచ్ చేసిన చర్మం మీద అది పడితే మంట. ఏ రోజు పెళ్ళికూతుర్ని చేస్తున్నారో తల్లిని అడిగి రిజిస్టరులో రాసుకోండి. పదిరోజులే మిగిలిన అమ్మాయికి నేను క్లీనప్ చేసి, నిద్రపొమ్మని చెప్పి పంపుతాను. ఊరి బయటి పెళ్ళిళ్ళకి సగం అడ్వాన్స్, రానుపోను కారు ఖర్చు ముందే మాట్లాడుకోండి. తెల్లవారుజాము ముహూర్తమైతే తోడు లేకుండా వెళ్ళకండి.

మనుషుల సంగతి

హెల్పర్‌ని పెట్టుకుంటే మొదటి నెల టవల్స్, గిన్నెలు, రిజిస్టరు మాత్రమే ఇవ్వండి. ఆమె చేతిమీద మీకు నమ్మకం కుదిరాకే మొహం అప్పజెప్పండి. జీతం అయిదో తారీఖు దాటనివ్వకండి.

కెమెరా ఒక్కటే, గుమ్మం బయటికి చూస్తూ ఉండాలి. బెడ్ గదిలో కెమెరా పెట్టడం నేరం. హెల్పర్ ఫోన్, మీ ఫోన్ కూడా ఆ గది బయటే ఉండాలి. ముందు, తర్వాత ఫోటోలు కావాలంటే కాగితం మీద సంతకం తీసుకోండి. పెళ్ళికాని పిల్ల మొహం మీద మచ్చల ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెడితే అది ఎంత దూరం వెళ్తుందో మీకు తెలుసు. ఇంకొకటి. కళ్ళ మీద దూది పెట్టుకుని పడుకున్న ఆడవాళ్ళు చాలా చెప్పుకుంటారు. అత్తగారి సంగతి, భర్త తాగుడు, రాని సంబంధం. చిన్న ఊరు మనది, ఆమె ఆడపడుచు మర్నాడు అదే బెడ్ మీద పడుకోవచ్చు. విన్నది ఆ గదిలోనే ఉండిపోవాలి. హెల్పర్‌కి కూడా ఈ మాట పనిలో చేరిన రోజే చెప్పండి.

ఎవరికైనా మొహం మండితే దబాయించకండి. చల్లటి నీళ్ళతో కడిగి, వేసిన ప్రొడక్టు డబ్బా ఫోటో ఇచ్చి, మీరే ఆటో పిలిచి స్కిన్ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. ఫీజు మీరు కట్టండి. ఆమె తీసుకోమన్నా ఆ రోజు డబ్బు తీసుకోవద్దు.

రాత్రి మూసే ముందు గిన్నెలు కడిగి బోర్లించండి. వ్యాక్స్ హీటర్ ప్లగ్ పీకారో లేదో చేత్తో ముట్టుకుని చూడండి, టవల్స్ లెక్కపెట్టండి. తర్వాత రిజిస్టరు తీసి, నిన్న మొదటిసారి వచ్చినవాళ్ళ పేర్లు చూడండి. ఒక్కొక్కరికి ఫోన్ చేసి, "మొహం ఎలా ఉందమ్మా, మంట గానీ దురద గానీ ఏమైనా ఉందా?" అని అడగండి. చెప్పింది వాళ్ళ పేజీలో రాసి లైటు ఆపండి.